తాతయ్య బదులు హైటెక్ సిటీకి

ఈ వ్యాసం చదివాక పత్రికను పిల్లలకు అందకుండా అటక మీద పెట్టేయమని ముందే మనవి చేసుకుంటున్నాను. వాళ్ళకు తెలియకూడని సంగతి ఒకటి ఇందులో ఉంది. మా పిల్లల మాసపత్రికలో ఉత్తరాలకు జవాబులు రాసే తాతయ్య లేడు. ఒకప్పుడు ఉండేవాడు. పత్రిక పెట్టిన పెద్దాయనే ఆ తాతయ్య. తెల్లగడ్డం, మోకాళ్ళ నొప్పి, బెల్లం ముక్క మీద యావ, అన్నీ ఆయన కల్పించుకున్నవే. ఆయన మంచం పట్టినప్పుడు ప్రూఫులు దిద్దుకునే నన్ను పిలిచి, "నాలాగే రాస్తూ ఉండమ్మా, పిల్లలు బెంగపెట్టుకుంటారు" అన్నారు. ఆయన పోయారు గానీ తాతయ్య పోలేదు. అప్పటినుంచి ఆ గడ్డం నాది.

నా పేరు నాగరత్నం. ఏలూరులో ఒక ఇంటి వెనక వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. రోజూ ఆఫీసులో సంచీడు ఉత్తరాలు చదువుతాను. అందులో నాకు రాసినది ఒక్కటీ ఉండదు. నాకు ఉత్తరం రాసే మనిషీ లేడు. మొదట్లో ఇదేం పట్టేది కాదు. ఈమధ్య పడుతోంది.

అలాంటి రోజుల్లో మల్లేశం ఉత్తరం వచ్చింది. సంగారెడ్డి దగ్గర హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల నుంచీ మాకు రాస్తున్న పిల్లవాడు. ఇప్పుడు పాతికేళ్ళు దాటినా మానలేదు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ అని కొత్తగా కట్టిన చోట ఉద్యోగం చేస్తున్నాడు. అమెరికాలో నూరు, నూటయాభై ఏళ్ళ కిందట వచ్చిన పిల్లల పత్రికలను అక్షరం అక్షరం కంప్యూటర్లోకి ఎక్కించే పనట. "అందులో కూడా మీ అసొంటి మనిషి ఒకాయన ఉన్నడు తాతయ్యా. వచ్చి సూసి పోండి. ఖర్చు నాది" అని రాశాడు. ఫలానా రైలుకు వస్తున్నానని తాతయ్య పేరుతోనే జవాబు రాశాను.

వెళ్ళాను. అమెరికా పత్రికల చరిత్ర మీద ఆసక్తి లేదని కాదు, ఉంది. కానీ రైలెక్కింది అందుకు కాదు. ఒక్క పాఠకుడికైనా ముఖం చూపించి, "నీకు రాస్తున్నది నేనేనయ్యా" అని చెప్పాలని వెళ్ళాను. ఇంకే పనీ లేదు నాకా ఊళ్ళో.

సికింద్రాబాద్ స్టేషన్

ప్లాట్‌ఫాం మీద బక్కపల్చటి కుర్రాడు ఒక చేత్తో "తాతయ్యకు స్వాగతం" అని రాసిన అట్టముక్క, ఇంకో చేత్తో కొత్త చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. కర్రకు కొట్టువాడు అంటించిన ధర చీటీ ఇంకా ఉంది. రైలు దిగిన ప్రతి ముసలాయన దగ్గరకూ పరుగెత్తుతున్నాడు. పట్టుపంచె కట్టుకున్న ఒకాయన "నాకింకా పెళ్ళికాని కొడుకులున్నారు, నేనెవరికీ తాతను కాను" అని కసురుకుని వెళ్ళిపోయాడు.

నేను వెళ్ళి అతని ఎదురుగా నిలబడ్డాను. నా తల మీదుగా రైలు పెట్టెల వైపు చూస్తూ, "అమ్మా, మీరు గీ రైల్లనే వచ్చిండ్రా? తెల్లగడ్డం ముసలాయన ఎవరన్న కనవడ్డరా? మోకాళ్ళు నొస్తయి ఆయనకు, జర మెల్లగ నడుస్తుండొచ్చు" అన్నాడు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. కర్ర చూసి మూసుకున్నాను.

"తాతయ్యకు ఒంట్లో బాగాలేదు బాబూ. నన్ను పంపారు" అన్నాను. ఎక్కడినుంచి ఊడిపడిందో ఆ మాట.

ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అయినా నా సంచీ అందుకున్నాడు. "మీరేం పని చేస్తరమ్మా ఆడ?" అని అడిగాడు. ఉత్తరాలు విప్పుతానన్నాను. "అయితే నా ఉత్తరాలు అన్నిటికన్న ముందు సూసేది మీరే అన్నట్టు" అని నవ్వాడు. మర్యాద గల పిల్లవాడు.

స్టేషన్ బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. మా వైపు కాఫీని గ్లాసులో నురగ వచ్చేదాకా తిరగబోసి ఇస్తారు. ఇక్కడ చాయ్‌ని సాసర్లో పోసుకుని జుర్రుకుంటారు. చప్పుడు చేయకుండా తాగుతున్న నన్నే అందరూ వింతగా చూశారు. ఉప్పూ తీపీ కలిసిన ఆ బిస్కెట్టు మాత్రం చాయ్‌లో ముంచితే బాగుంటుంది. రెండు లెక్కపెట్టేలోగా నోట్లో వేసుకోవాలి. నాది కప్పులో పడిపోయింది.

నిజాంపేట

మల్లేశం తాతయ్య కోసం తాను ఉండే మగపిల్లల హాస్టల్లో మంచం మాట్లాడి పెట్టాడు. మెట్లెక్కే పని లేకుండా కింది గది, స్నానానికి వేడినీళ్ళు, తలగడ పక్కన కాగితంలో బెల్లం ముక్కలు. వాకిట్లోకి వచ్చాక గానీ అతనికి తట్టలేదు, వచ్చింది ఆడమనిషి అని. అక్కడి కుర్రాళ్ళంతా బనీన్లతో లోపలికి పరుగెత్తారు.

ఎదురు వీధిలో ఆడపిల్లల హాస్టల్లో చోటు దొరికింది. నడిపే ఆవిడది గుడివాడ వైపు. "ఏ ఊరండీ మీది? ఏలూరా! పవర్‌పేటలో మా ఆడబిడ్డ ఉంటారండీ" అంటూ అరగంటలో నాకు తనవైపు సగం బంధువులను అప్పజెప్పింది. ఎంతమంది పిల్లలండీ అని అడిగి, పెళ్ళి చేసుకోలేదన్నాక మాట మార్చి సాంబారు వడ్డించింది. సాంబారు తియ్యగా ఉంది.

గదిలో నలుగురు ఆడపిల్లలు. గుంటూరు నుంచి, భీమవరం నుంచి వచ్చి కంప్యూటర్ కోర్సులు చేస్తున్నారు. రెండువేల సంవత్సరం వచ్చేలోగా ఆ చదువు పూర్తిచేయాలట, తర్వాత గిరాకీ ఉండదట. నన్ను చూసి ఒకమ్మాయి "ఆంటీ, మీరే కోర్సులో చేరారు?" అని సీరియస్‌గా అడిగింది. ఆదివారం ఫోన్ బూత్ దగ్గర వరసలో నిలబడి ఇంటికి మాట్లాడతారట. మాట్లాడి వచ్చి ఏడుస్తారట. సాయంత్రం వాళ్ళంతా వీధి చివర పానీపూరీకి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు గానీ మాటవరసకే అని తెలిసి వెళ్ళలేదు. కిటికీలోంచి బయట కొత్తగా లేస్తున్న గోడలు, వాటి వెనక బీడు, రాళ్ళు కనిపించాయి. ఇంట్లో ఒంటరిగా ఉండటం నాకు అలవాటే. పరాయి ఊళ్ళో, ఇంకొకరి పేరు మీద వచ్చి ఒంటరిగా కూర్చోవడం వేరుగా ఉంది.

చెప్పులు విడిచే ఆఫీసు

హైటెక్ సిటీ అంటే నేనేదో పెద్ద పట్నం అనుకున్నాను. రాళ్ళగుట్టల మధ్య అద్దాల భవనాలు ఒకటి రెండు, చుట్టూ కడుతున్నవి కొన్ని. మల్లేశం ఆఫీసు వాటి వెనక సందులో ఉంది. గుడికి వెళ్ళినట్టు కంప్యూటర్ల గది బయట చెప్పులు విడవాలి. లోపల దుమ్ము పడకూడదట. ఏసీకి వణికి చెంగు భుజాల నిండా కప్పుకున్నాను.

అక్కడి పని తీరు చెబుతాను, నాలాంటి వాళ్ళకు మతిపోతుంది. ఒకే పేజీని ఇద్దరు మనుషులు వేరువేరుగా టైపు చేస్తారు. ఒకరిది ఒకరు చూడరు. తర్వాత కంప్యూటర్ రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చి, తేడా ఉన్నచోట గీత పెడుతుంది. ఇద్దరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చేయరని నమ్మకం. అన్నిటికన్నా పెద్ద నియమం, చదవకూడదు.

"చదివితె తప్పులొస్తయి మేడమ్" అంది స్వరూప అనే అమ్మాయి, వేళ్ళు ఆపకుండా. "కథ మంచిగుందనుకో, ముందు ఏమైతదో అని మనసు ఉరుకుతది. చెయ్యి గుడ ఉరుకుతది. గందుకే ఒక్కో అక్షరమే సూస్తం. పొద్దటినుంచి నేనేం కొట్టిన్నో నాకు తెల్వదు." ఆమె తెర మీద ఒక పిల్లవాడు మంచులో దారి తప్పుతున్నాడు. దొరికాడో లేదో ఆమెకు పట్టలేదు. నేను మాత్రం ఆ కుర్చీ వెనకే నిలబడి దొరికేదాకా చదివాను.

ఆ గదిలో చదివేవాడు మల్లేశం ఒక్కడే. తేడాలు సరిచూడటం అతని పని కాబట్టి చదవడం తప్పదు. డ్యూటీ అయ్యాక కూడా కూర్చుని చదువుతాడట. చెప్పుకుందామంటే వినేవాళ్ళు లేరు. రెండు రోజులపాటు నాకు చెప్పాడు.

మొదట్లో వచ్చిన పత్రికలు మహా నీతిమంతమైనవి. మంచి పిల్లవాడు కనబడ్డాడంటే రెండు పేజీల్లో జ్వరం తగిలి స్వర్గానికి పోతాడు. చెడ్డవాడు పక్షిగూడు కూల్చి కాలు విరగ్గొట్టుకుంటాడు. తర్వాత్తర్వాత నవ్వడం నేర్చుకున్నారు. కథలు, పొడుపుకథలు, దూరదేశాల సంగతులు వచ్చాయి. సంపాదకుల్లో ఆడవాళ్ళు చాలామంది. ఒకావిడ పిల్లలకోసం ఎంతో చక్కటి పత్రిక నడుపుతూ, పెద్దవాళ్ళకోసం బానిసత్వాన్ని ఖండిస్తూ ఒక పుస్తకం రాసిందట. తల్లిదండ్రులు చందాలు ఆపేశారు. ఆమె పిల్లల దగ్గర సెలవు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పేజీ చదివి నేను కాసేపు బయటకు వెళ్ళి నా చెప్పుల పక్కన నిలబడ్డాను.

మల్లేశానికి ఇష్టమైన పత్రికలో ఒక మామయ్య ఉన్నాడు. కొయ్యకాలు ఆయనది. పిల్లల ఉత్తరాలు అచ్చువేసి, ఆటపట్టించి, జవాబులు రాసేవాడు. ఆ పాఠకులు ఒకరికొకరు కజిన్లమని చెప్పుకునేవారు. ఫోటోలు ఇచ్చిపుచ్చుకునేవారు. పెళ్ళీడు దాటినా ఆ పేజీ విడిచిపెట్టలేక రాస్తూనే ఉండేవారు. అంతర్యుద్ధం వచ్చి ఉత్తరాది దక్షిణాది మధ్య టపా ఆగిపోయింది, కొందరి ఉత్తరాలు రావడం మానేశాయి. చివరికి పత్రిక చేతులు మారింది. కొత్త సంపాదకురాలు వచ్చింది. పెద్దవాళ్ళైపోయిన పాత పాఠకులకు ఆ పేజీలో చోటు లేకుండా పోయింది.

"గప్పుడు వాళ్ళంత ఏడ వోయిండ్రో" అన్నాడు మల్లేశం. పోయినవాళ్ళు తన ఊరివాళ్ళే అన్నంత దిగులుగా అన్నాడు.

కొత్తగూడ చౌరస్తా

మూడో రోజు మధ్యాహ్నం కొత్తగూడలో ఒకావిడ బండి దగ్గర జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. చింతపండు పులుసును పొయ్యి మీద పెట్టకుండా ఉల్లిపాయ పిసికి పోయడం మా వైపు ఎరగం. మా అమ్మ చూస్తే ఇది వంట కాదు, వంటకు ఏర్పాటు అనేది. మూడుసార్లు పోయించుకున్నాను. ఇద్దరికీ కలిపి పదిహేను రూపాయలు పుచ్చుకుంది, ఉల్లిపాయ ఉత్తినే ఇచ్చింది. చెప్పడానికి ఇదే సమయం అనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో మనసులో కూర్చుకుంటుంటే అతనే మొదలుపెట్టాడు.

"ఒక సంగతి కనిపెట్టినమ్మా. గా కొయ్యకాలు మామయ్య ఒక్కడు కాదు. ఏండ్లకేండ్ల పేజీలు వరుసగ సూసిన గద. ఒకప్పుడు జోకులేస్తడు, ఇంకొకప్పుడు నీతులు చెప్తడు. నవ్వు మారింది. మనిషి మారిండు. కొయ్యకాలు మాత్రం గదే."

నాకు నవ్వు వచ్చింది. అతనికి రాలేదు.

"పాపం గా పిల్లలు. ఎవలో తెల్వని మనిషికి మనసుల ఉన్నదంత రాసుకున్నరు. మోసం గద అమ్మా అది?"

"మోసమేం కాదులే బాబూ. ఆ పనిలో అది ఆనవాయితీ" అన్నాను.

"మన తాతయ్య అట్ల కాదు" అన్నాడు రొట్టె తుంచుతూ. "నా ఆరో తరగతిల అమ్మ సచ్చిపోయినప్పుడు ఎట్ల రాసిండో, మొన్న మేనేజర్ తిట్టినప్పుడు గుడ గట్లనే రాసిండు. అదే మాట, అదే నవ్వు. నేను దినాం గిదే పని చేస్త గద, తేడా ఉంటె దొరకవడ్తది. తాతయ్య ఒక్కడే."

ఇన్నేళ్ళ నా పనికి ఇంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు, ఇక ఇవ్వరు కూడా. పెద్దాయన బతికుంటే ఆయనకు చెప్పుకుని గర్వపడేదాన్ని. కానీ నేను ఎంత బాగా రాస్తే అంతగా లేకుండా పోతానని ఆ బండి దగ్గర అర్థమైంది. ఏడుపు వచ్చింది. పచ్చిమిరపకాయ అన్నాను. మజ్జిగ తెచ్చిచ్చాడు.

పుప్పాలగూడ

ఆదివారం పుప్పాలగూడ గుట్టల దగ్గర మల్లేశం ఒక సంబరం పెట్టుకున్నాడు. తాతయ్య వస్తున్నాడని తెలిసి, ఊళ్ళో ఉన్న పాత పాఠకులను నలుగురిని పోగుచేశాడు. తాతయ్య రాకపోయినా వాళ్ళు వచ్చారు. ఊరు ఇంకా ఊరులాగే ఉంది. గొర్రెలు మేస్తున్నాయి. రాళ్ళ మధ్య నీడలో ఒక కుర్చీ వేసి, మీద తువ్వాలు పరిచి ఉంచారు.

వచ్చినవాళ్ళలో బ్యాంకు గుమాస్తా ఒకాయన తాతయ్య కోసం తెచ్చిన బంతిపూల దండను ఆ ఖాళీ కుర్చీకి వేయబోయాడు. దవాఖానలో నర్సు పని చేసే పద్మ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "అయ్యో, కూసున్న మనిషి లేకుంట దండ ఎయ్యద్దన్నా! బతికున్నోళ్ళకు అట్ల చేస్తరా ఎక్కడన్న?" అని కసిరింది. అతను లెంపలు వేసుకున్నాడు. అందరూ నా వైపు తిరిగి, పెద్దవారు మీరు కూర్చోండి అన్నారు. నేను నేల మీదే బాగుందన్నాను. ఆ కుర్చీ పొద్దువాలేదాకా ఖాళీగానే ఉంది.

మొక్కజొన్నతో చేసిన మక్క గారెలు, వేరుశనగ చట్నీ పంచుకుంటూ ఎవరికి వాళ్ళు తాతయ్య రాసిన జవాబులు చెప్పుకున్నారు. బ్యాంకు గుమాస్తా చెప్పింది పెద్దాయన రాసినది. పద్మ చెప్పింది నాది. నర్సు ట్రైనింగులో రక్తం చూసి పడిపోయి, మానేసి ఇంటికి పోతానని రాసిందట. "కళ్ళు తిరగడం తప్పు కాదు తల్లీ, నిలబడి తిరగనివ్వడం తప్పు, ముందు కూర్చో అన్నడు తాతయ్య. ఇప్పటికీ కొత్త పిల్లలకు అదే చెప్తున్న" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జ్వరంతో పడుకుని ఆ జవాబు రాసిన రోజు నాకు గుర్తుంది. నాకు మందు ఇచ్చేవాళ్ళు లేక నేనే లేచి పొయ్యి వెలిగించుకున్న రోజు. నా ఎదురుగా కూర్చుని నన్ను ఇంతమంది మెచ్చుకుంటున్నారు, ఒక్కరూ నా వైపు చూడటం లేదు. అంత ఒంటరితనం ఏలూరులో కూడా నేనెరగను.

మళ్ళీ స్టేషన్

మల్లేశం కిటికీ పక్క సీటులో నన్ను కూర్చోబెట్టి, తాతయ్యకు అందరూ కలిసి కొన్న పంచెల చాపు ఒళ్ళో పెట్టాడు. కర్రను పైన సామాన్ల బల్ల మీద పెట్టాడు. "దసరాకు నాలుగు దినాలు సెలవు పెట్టినమ్మా. ఏలూరు వస్త. తాతయ్య కాళ్ళకు దండం పెట్టి పోత" అన్నాడు.

ఇక దాచడానికి దారి లేదు. దాచాలనీ లేదు.

"రావద్దు నాయనా. తాతయ్య లేరు. నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడే పోయారు."

అతను సీటు అంచున కూర్చున్నాడు. బయట టీ అమ్మేవాడు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు.

"మా అమ్మ సచ్చిపోయినప్పుడు రాసింది?"

"అది ఆయనే రాశారు."

"తర్వాతయి?"

"నేను."

నేను రాసిన జవాబులన్నీ ఒక్కొక్కటే నా ముఖంతో పోల్చి చూస్తున్నట్టు చూశాడు.

"గీ సంగతి నాకెందుకు చెప్పిండ్రు?" అన్నాడు చివరికి. "నేనడిగిన్నా?"

"నీకోసం కాదు. నాకోసం చెప్పాను" అన్నాను. అది నిజం. ఇంకేం చెప్పినా అబద్ధమే అయ్యేది.

లేచి వెళ్ళిపోయాడు. రైలు కదలడానికి ఇంకా వ్యవధి ఉంది. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూనే ఉన్నాను. జనంలో అతని తల మెట్లు ఎక్కేదాకా కనబడింది. వెనక్కి తిరగలేదు.

ఏలూరు

దసరాకు రాలేదు. ఉత్తరమూ రాలేదు. సంచీలో ఆ గుండ్రటి చేతిరాత కోసం ముందు వెతికేదాన్ని. ఆ తర్వాత వెతకడం మానేశాను. పంచెల చాపు ఎవరికివ్వాలో తెలియక బీరువాలో పెట్టాను. అమెరికా ప్రయాణం చేసి వచ్చినట్టు అందరూ హైటెక్ సిటీ విశేషాలు అడిగారు. అద్దాల భవనాల గురించి చెప్పాను.

చలి మొదలయ్యాక ఒక రోజు ఉత్తరం వచ్చింది. కవరు మీద ఎప్పటిలాగే తాతయ్యకు అని ఉంది. లోపల ఇలా రాశాడు:

"తాతయ్యా, మీరు పంపినామె మీరు లేరని చెప్పింది. నేను ఒక్క మాట మాట్లాడకుండ వచ్చిన. ఆమె కిటికీల నుంచి సూస్తున్నదని తెలిసి గుడ తిరిగి సూడలే. గప్పటిసంది మనసు మంచిగ లేదు. ఎవర్ని అడగాల్నో తెల్వలే. ఏదైన మిమ్ముల్నే గద అడిగేది. ఆమెకు ఎవరు లేరంట, హాస్టల్ ఆమె చెప్పింది. ఆమెకు నేను ఉత్తరం రాయొచ్చునా? రాస్తె కోపం చేస్తదా? ఏమని పిలవాలె?"

ఆ సాయంత్రం ఆఫీసులో అందరూ వెళ్ళిపోయాక తాతయ్య జవాబు రాశాడు. అచ్చులో వేయలేదు, పోస్టులో పంపాను. పెద్దమ్మా అని పిలువు, తప్పకుండా రాయి, కోపం చేయదు, ఎదురుచూస్తూ ఉంటుంది అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన పేరుతో పిల్లలకు ఎన్నో సంగతులు చెప్పాను. నా సంగతి చెప్పడం అదే మొదలు.